మాట్లాడకూడని మనిషితో ఖేచోపల్రి సరస్సుకి

సిక్కిం వెళ్లొచ్చామనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, కాంచన్‌జంగ కనిపించిందా అని. కనిపించలేదు. పెల్లింగ్‌లో ఉన్నన్ని రోజులూ ఆ కొండ మబ్బుల ముసుగు తీయలేదు. హోటల్ వాళ్లు పొద్దున్నే కిటికీ తెరిచి, తెల్లటి గోడలాంటి ఆకాశాన్ని చూపించి, "అదిగో, అక్కడే ఉంటుంది" అనేవాళ్లు. మేం అక్కడే ఉందని ఒప్పుకుని టీ తాగేవాళ్లం. అంత దూరం పోయి కొండ చూడకుండా వచ్చామని మా ల్యాబ్‌లో అందరూ జాలిపడ్డారు. నాకు మాత్రం ఆ ప్రయాణంలో ఒక్క రోజు చాలు. రెండు జలపాతాలు, ఒక సరస్సు, దాని పక్కనున్న కొండ. ఆ రోజు సంగతే రాస్తున్నాను.

బయల్దేరడానికి ముందు

మా ఆయన మోహన్ అమీర్‌పేటలో జావా చెప్తాడు. అమీర్‌పేట అంటే తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. అక్కడ ఏ మెట్లెక్కినా కంప్యూటర్ కోర్సే. కరెంటు స్తంభాలకి, చెట్లకి, మేడల అంచులకి అన్నిటికీ బోర్డులే. బస్సు దిగిన కుర్రాడి చేతిలో కాగితాలు పెట్టి "జావా ఉంది, ఒరాకిల్ ఉంది, ఫ్రీ డెమో" అంటారు. ఉద్యోగాలు వానలా కురుస్తున్న రోజులు. ఇంజనీరింగ్ అయిపోయినవాడూ అక్కడికే, బీఎస్సీ అయిపోయినవాడూ అక్కడికే. మోహన్ మొదటి బ్యాచ్ పాల ప్యాకెట్లు రాకముందే మొదలయ్యేది. చివరి బ్యాచ్ అయ్యేసరికి నేను వంట ముగించి టీవీ ముందు కునుకుతూ ఉండేదాన్ని. పెద్ద హాలు, కిక్కిరిసిన కుర్చీలు. మైకు ఇస్తామన్నా తీసుకునేవాడు కాదు. చివరి బెంచీకి వినపడకపోతే సార్ ఎట్లయితడు అని ఆయన పట్టుదల.

మోహన్‌ది సిద్దిపేట వైపు, నాది తణుకు. నేను పంజాగుట్టలో ఒక ల్యాబ్‌లో రక్తాలు తీస్తాను. రోజంతా నేను మాట్లాడేవి రెండు ముక్కలు. "పిడికిలి బిగించండి." "అయిపోయింది, లేవండి." టైఫాయిడ్ అనుమానంతో మోహన్ మా ల్యాబ్‌కి వచ్చినప్పుడు పరిచయం. సూది భయానికి కూర్చున్న క్షణం నుంచి లేచేదాకా ఆపకుండా మాట్లాడాడు. ఆ తర్వాత పెళ్లయ్యాక కూడా ఆ ఏర్పాటే నడిచింది. ఆయన మాట్లాడతాడు, నేను వింటాను. కూరగాయల బేరం, గ్యాస్ వాళ్లతో పోట్లాట, చుట్టాలతో ఫోను, అన్నీ ఆయన నోటితోనే.

పెళ్లైన రెండో ఏడు వానాకాలంలో ఆయన గొంతు బొంగురుపోయింది. తేనె, మిరియాలు, ఆవిరి అన్నీ అయ్యాయి. చివరికి ఒకరోజు క్లాసు మధ్యలో నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. పంజాగుట్టలో గొంతు డాక్టరు గారు ట్యూబు వేసి చూసి, స్వరతంతువుల మీద చిన్న చిన్న కాయలు కట్టాయన్నారు. దసరా అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలాడటం ఇంకా చెడ్డది. తర్వాత మళ్లీ చూస్తారు, తగ్గకపోతే ఆపరేషన్.

"ఆపరేషన్ అయితే మామూలుగా మాట్లాడతారా?" అని నేను అడిగాను. ఆ గదిలో అడగాల్సిన మనిషిని నేనే అయ్యాను మరి.

"చూద్దామమ్మా" అన్నారు ఆయన.

ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మోహన్ బ్యాచ్‌లు వేరే సార్‌కి ఇచ్చారు. మోహన్ ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. మొదట్లో సైగలు చేసేవాడు, తర్వాత అవీ తగ్గాయి. కింద ఉండే ఇంటి ఓనరు ఆంటీ మెట్ల మీద నన్ను ఆపి, "ఏందమ్మా, మీ ఆయన అసలే మాట్లాడ్తలేడు. కొట్లాడిండ్రా? జర సముదాయించుకో" అంది. డాక్టరు వద్దన్నారని చెప్తే నమ్మినట్టు లేదు.

టీ తాగడానికి బయటికెళ్తే ఇంకా కష్టం. సందు సందుకీ ఒక స్టూడెంటు. "సార్, నమస్తే, జాబొచ్చింది సార్!" అని చేతులు పట్టుకుంటారు. ఆయన గొంతు చూపించి చెయ్యి తిప్పాలి. వాళ్ల మొహాల్లో జాలి చూడాలి. అది చూసి నేనే అనుకున్నాను, ఈ మనిషిని ఎవరూ ఎరగని చోటికి తీసుకెళ్లాలని. మేం హనీమూన్ కూడా వెళ్లలేదు. బ్యాచ్ తర్వాత బ్యాచ్ అని వాయిదా పడుతూనే ఉంది. ల్యాబ్‌లో ఒకావిడ సిక్కిం ఫోటోలు చూపించింది. అడవి మధ్యలో పచ్చటి సరస్సు. టికెట్లు నేనే తీశాను. మోహన్ వద్దని తలూపాడు. నేను చూడనట్టు బట్టలు సర్దాను.

కర్మ గారి వ్యాను

పెల్లింగ్‌లో మమ్మల్ని తిప్పడానికి ఒప్పుకున్న డ్రైవరు పేరు కర్మ. మొదటిసారి వినగానే నాకు నవ్వొచ్చింది. "కర్మ ఎక్కడ?" "కర్మ వస్తున్నాడు" అని హోటల్ వాళ్లు అంటుంటే మోహన్ కూడా పెదవి బిగించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. నెలరోజులకి అది మొదటి నవ్వు లాంటిది.

అక్కడి వాళ్లలో అది మామూలు పేరు. నలభై దాటిన మనిషి, బుగ్గలు ఎర్రగా, టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని ఉన్నాడు. హిందీలో మాట్లాడాలి. హిందీ కూడా మా ఇంట్లో మోహన్ శాఖే. నాకు వచ్చిందల్లా ఆటోవాళ్ల దగ్గర, ల్యాబ్‌కి వచ్చే పాతబస్తీ పేషెంట్ల దగ్గర పట్టుకున్న ముక్కలు.

"మేరెకు ధీరే చలానా. జల్దీ నక్కో" అన్నాను. మెల్లగా పోనివ్వమని.

కర్మ వ్యాను స్టార్ట్ చేయబోయి ఆగాడు. "మేడమ్, మీది ఏ ఊరి హిందీ?" 

"హైదరాబాద్."

"నక్కో అంటే?"

"వద్దు అని."

ఆ మాట ఆయనకి తెగ నచ్చింది. ఇక రోజంతా ఎదురుగా లారీ వస్తే "నక్కో, నక్కో" అంటూ పక్కకి తీసేవాడు.

దారంతా ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. పొలాలు మెట్లు మెట్లుగా ఉన్నాయి. ప్రతి ఇంటి ముందూ నూనె డబ్బాల్లో, పగిలిన బకెట్లలో పూలమొక్కలు. మన దగ్గర అద్దె ఇంట్లో మేకు కొట్టాలన్నా ఆలోచిస్తాం. ఆ ఇళ్లకి రంగు లేకపోయినా పూలు లేని గుమ్మం చూడలేదు.

రింబి జలపాతం రోడ్డు పక్కనే ఉంది. వ్యాను దిగితే మొహం మీద తుంపర్లు. అప్పటికే నాలుగైదు బండ్ల బెంగాలీ కుటుంబాలు దిగి ఫోటోలు తీసుకుంటున్నాయి. పూజ సెలవులకి కలకత్తా సగం అక్కడే ఉన్నట్టుంది. కోతిటోపీలు, శాలువాలు, ఇంటినుంచి తెచ్చుకున్న మరమరాలు. పక్కనే రేకుల కొట్టులో ఒకావిడ మోమోలు వేడివేడిగా ఆవిరి మీద నుంచి తీసి పెట్టింది. మన కుడుముల్లాగే, లోపల క్యాబేజీ. ప్లేటు పదిహేను రూపాయలు. నంజుకోవడానికి గుండ్రంగా, ఎర్రగా గోళీల్లా ఉన్న మిరపకాయల పచ్చడి.

"మెల్లగా మేడమ్, ఇది డల్లే మిరప, చాలా ఘాటు" అన్నాడు కర్మ.

"మేం ఆంధ్రా వాళ్లం" అని సగం మిరపకాయ ఒకేసారి నోట్లో వేసుకున్నాను. తర్వాత కాసేపు నేను కూడా మాట్లాడలేకపోయాను. కళ్లలో నీళ్లు ధారలు. మోహన్ జలపాతాన్ని చూపించి, నా మొహాన్ని చూపించి, రెండూ ఒకటేనన్నట్టు చేతులు తిప్పాడు. కొట్టావిడ పగలబడి నవ్వింది. అది ఆయన చాలా రోజుల తర్వాత తనంతట తాను వేసిన జోకు.

చెప్పులు విప్పాల్సిన సరస్సు

ఖేచోపల్రి పేరు పలకడం నేర్చుకోవడానికి నాకు సగం దారి పట్టింది. వ్యాను ఆగిన చోటి నుంచి అడవిలో నడవాలి. చెట్ల కొమ్మల నుంచి నాచు గడ్డాల్లా వేలాడుతోంది. సరస్సు దగ్గరికి చేరే ముందు చెప్పులు విప్పాలి. చెక్క వంతెన మీద వరసగా ఇత్తడి చక్రాలు, వాటి మీద అక్షరాలు. చేత్తో తిప్పుకుంటూ నడవాలి, తిప్పితే చదివినట్టే. నోటితో పలకకుండా చేసే ప్రార్థన అది. మోహన్ ఒక్కటీ వదలకుండా తిప్పాడు.

నీళ్లు కదలడం లేదు. చుట్టూ అడవి, రంగురంగుల జెండాలు, మధ్యలో పచ్చగా పరుచుకున్న నీళ్లు. ఆ నీళ్ల మీద ఆకు పడితే పిట్టలు వచ్చి ఎత్తుకెళ్లిపోతాయని కర్మ చెప్పాడు. అన్ని చెట్ల మధ్య ఉన్నా నిజంగానే మధ్యలో ఆకు కనపడలేదు. పిట్టలూ కనపడలేదు. నమ్మాలనిపించింది, నమ్మాను. మన హుస్సేన్ సాగర్ పక్కన బస్సులో పోతూ ముక్కు మూసుకునే అలవాటున్న దాన్ని, అక్కడ కూర్చుని ఊరికే గాలి పీల్చుకున్నాను. అరుపుల్లేవు. పెద్ద పెద్ద గుంపులు కూడా వంతెన ఎక్కగానే గొంతు తగ్గించేవి. అక్కడ మోహన్ మౌనం ఎవరికీ వింతగా అనిపించలేదు.

ఈ సరస్సు దగ్గర కోరుకుంటే అవుతుందంటారు. ఏం కోరుకోవాలో నేను ఆలోచించాల్సిన పనే లేదు. కళ్లు మూసుకుని, ఈయన గొంతు ఈయనకి ఇచ్చేయమని అడిగాను. కళ్లు తెరిచేసరికి మోహన్ ఇంకా చేతులు జోడించుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. మాట లేకుండా కూడా డాక్టరు చెప్పింది తప్పుతున్నాడేమోనని నాకు భయం, భుజం తట్టాను. పెదవులు ఆగాయి. కళ్లు తుడుచుకున్నాడు.

"కొండెక్కితే సరస్సు మొత్తం కనిపిస్తుంది, పాదం ఆకారంలో ఉంటుంది" అన్నాడు కర్మ. "పైన నాలుగు ఇళ్లున్నాయి, చిన్న గుడి ఉంది. మీరు వెళ్లి రండి. నా మోకాళ్లు నక్కో అంటున్నాయి."

ఆమా ఇంటి టీ

నిటారుగా ఉంది కాలిబాట. మోహన్ రోజంతా నిలబడి చెప్పే మనిషి కదా, కాళ్లలో బలం ఉంది. రోజంతా స్టూలు మీద కూర్చునే నాకు ఆయాసం. మలుపు మలుపుకీ ఆగి వెనక్కి చెయ్యి చాచేవాడు. పైకి చేరేసరికి మా ఇద్దరికీ చెమటలు. కింద సరస్సు నిజంగానే పాదంలా ఉంది. వేళ్లు కూడా ఉన్నట్టే అనిపించింది.

పైన ఒక ఇంటి ముందు ముసలావిడ పొగపొయ్యి మీద ఏవో నల్లటి కాయలు ఆరబెడుతోంది. వాసన తెలిసిన వాసన, కానీ పేరు తట్టడం లేదు. దగ్గరికెళ్లి చూస్తే నల్ల యాలక్కాయలు. బిర్యానీలో నోటికి తగిలితే విసుక్కుని పక్కన పెట్టేస్తామే, అవి. అవి పొదల అడుగున, నేలకి ఆనుకుని కాస్తాయని, కోసి ఇలా పొగలో ఎండబెడతారని అక్కడే తెలిసింది.

"అమ్మా, కొంచెం నీళ్లు" అన్నాను అలవాటుగా తెలుగులో.

ఆవిడ మొహం వెలిగిపోయింది. అక్కడ తల్లిని ఆమా అంటారట. నేను వాళ్ల భాషలో పిలిచాననుకుంది. ఇక ఆపకుండా వాళ్ల భాషలో మాట్లాడుతూనే ఉంది. నేను తెలుగులో జవాబు చెప్తూనే ఉన్నాను. ఏ ఊరని అడిగి ఉంటుంది, హైదరాబాద్ అన్నాను. పిల్లలెంతమందని అడిగి ఉంటుంది, ఇంకా లేరన్నాను. ఉప్పు వేసిన టీ ఇచ్చింది, వెన్న తేలుతోంది. మొదటి గుక్కకి చారు తాగినట్టుంది. రెండో గుక్కకి అలవాటైంది. మూడో గుక్కకి ఇంకొంచెం పోయమన్నాను.

ఆవిడ మోహన్‌ని చూపించి నోటి మీద వేలు పెట్టుకుంది. ఎందుకు మాట్లాడడని. నేను గొంతు పట్టుకుని, దండం పెట్టి, వేళ్ల మీద రోజులు లెక్కబెట్టి చూపించాను. ఆవిడ లేచి, ఒక యాలక్కాయ పగలగొట్టి, గింజలు మోహన్ అరచేతిలో పోసింది. నమలమంది. ఆయన బుద్ధిగా నమిలాడు.

తిరిగి బయల్దేరుతుంటే ఆవిడ కట్టెల మోపు ఎత్తబోయింది. మోహన్ ఊరుకుంటాడా. మోపు అందుకుని, నాకు చేత్తో సైగ చేశాడు. నువ్వు నడుస్తూ ఉండు, పెట్టేసి వస్తా. దిగడమే కదా అని నేను ముందు నడిచాను.

మబ్బులో

మబ్బు అలా వస్తుందని నాకు తెలియదు. మన దగ్గర మబ్బు పైన ఉంటుంది. అక్కడ లోయలోంచి పొగలా లేచి, చెట్ల మధ్య నుంచి నడిచి వచ్చింది. కాసేపటికి నా చెయ్యి చాస్తే వేళ్లు మసకగా ఉన్నాయి. దారి రెండుగా చీలిన చోట కుడికి తిరిగాను. యాలక పొదలు మనిషెత్తున్నాయి. ఇంత ఇరుకుగా ఎక్కలేదే అని అనుమానం వచ్చేలోపే కాలు జారింది. తడి ఆకుల మీద కూర్చున్నట్టుగా జారిపోయి ఒక పొదలో ఆగాను. చీలమండ దగ్గర సుర్రుమంది. లేవబోతే కాలు నేలకి ఆననివ్వలేదు.

"ఏవండీ!" అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. అంత చిన్నగా పిలిచాను. ల్యాబ్‌లో పిలిచినట్టు. మళ్లీ పిలిచాను. జవాబు లేదు. అప్పుడు తట్టింది, ఆయన విన్నా జవాబు ఇవ్వలేడని. ఆయన అసలు దారిలో దిగిపోయి ఉంటే? కింద నేను లేనని తెలిసి మళ్లీ ఎక్కితే? ఈ పొదల మీదుగా పోయినా నేను కనపడను. కాలి మీద ఏదో చల్లగా తగిలితే చూశాను, జలగ. లాగేసి విసిరేశాను. ఏడుపు వచ్చింది. ఏడిస్తే అరవలేనని ఆపుకున్నాను.

"మోహన్!"

పెళ్లయ్యాక బయట ఎక్కడా నేను పేరు పెట్టి పిలవలేదు. కడుపులోంచి అరిచాను. ఎక్కడో పైన టప్ టప్‌మని రెండు చప్పట్లు. మళ్లీ అరిచాను. మళ్లీ రెండు చప్పట్లు, ఈసారి పక్కనుంచి. ఆయనకి నా గొంతు వినపడుతోంది, కానీ ఎటునుంచో తెలియడం లేదు. నేను ఆపితే ఆయన ఆగిపోతున్నాడు. అంటే నేను ఆపకూడదు.

ఆపకుండా ఏం మాట్లాడను? రోజుకి రెండు ముక్కలు మాట్లాడే దాన్ని. మోహన్, ఇక్కడున్నా, కింద, పొదల్లో, కాలు బెణికింది అని అరిచాను. అయిపోయింది. మళ్లీ అదే అరిచాను. మాటలు అయిపోతుంటే నోటికి ఏం వస్తే అది వచ్చింది. రోజూ పొద్దున బస్టాపులో చెవులు చిల్లులు పడేలా ఏడు సీట్ల ఆటోవాళ్లు అరిచే పాట.

"ఎర్రగడ్డ, ఎర్రగడ్డ! ఈఎస్ఐ, ఎస్సార్ నగర్, అమీర్‌పేట! పంజాగుట్ట, ఖైరతాబాద్, లక్డీకాపూల్! రండి, ఖాళీ ఉంది, రండి!"

లక్డీకాపూల్ దాటాక మళ్లీ ఎర్రగడ్డ నుంచి మొదలుపెట్టాను. చప్పట్లు దగ్గరయ్యాయి. దూరమయ్యాయి. మళ్లీ దగ్గరయ్యాయి. గొంతు మండుతోంది. ఎన్నిసార్లు ఆ రూటులో తిరిగానో లెక్కలేదు. చివరికి అమీర్‌పేట అంటుండగా ఆకులు చీల్చుకుని మోహన్ వచ్చి నా ముందు పడ్డట్టుగా కూర్చున్నాడు. మోచేతులు గీరుకుపోయాయి. నన్ను పట్టుకుని, వదలకుండా, భుజంలో మొహం పెట్టి ఊగిపోయాడు. శబ్దం లేకుండా ఏడవడం ఎంత కష్టమో అప్పుడు చూశాను.

చున్నీతో కాలు గట్టిగా కట్టాడు. ఆయన భుజం మీద చెయ్యి వేసి, కుంటుకుంటూ, కూర్చుంటూ, ఎలాగో దిగాం. కర్మ వంతెన దగ్గర ఎదురొచ్చాడు. "మేడమ్ అరుపులు సరస్సు దాకా వినపడ్డాయి. అమీర్‌పేట అంటే ఏ దేవుడు?" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను.

వ్యానులో కూర్చున్నాక మోహన్ నా చెయ్యి తట్టాడు. ఒక చెయ్యి నోటి ముందు పెట్టి, మాట బయటికి విసిరినట్టు చూపించాడు. తర్వాత అరచెయ్యి తెరిచాడు. ఖాళీ. మళ్లీ అదే చూపించాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. నేను కనపడనప్పుడు ఆయన డాక్టరు మాట పక్కన పెట్టి నా పేరు అరవబోయాడు. ఏమీ రాలేదు. చప్పట్లు ఆ తర్వాతవి.

భయపడొద్దని చెప్పడానికి నాకే భయంగా ఉంది. ఆయన చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఎవరికీ ఎవరూ వినపడని చోటు

"హోటల్‌కి పోదామా?" అని కర్మ అడిగాడు. యుక్సమ్ దారిలో పెద్ద జలపాతం ఒకటి మిగిలింది. మోహన్ హోటల్ అన్నట్టు తలూపాడు. ఆ మొహంతో ఆయన హోటల్ గదిలో కూర్చుంటే మళ్లీ గోడే. "జలపాతానికే పోదాం. కాలు నాది, నేను చెప్తున్నా" అన్నాను. కొండ మీద అరిచిన గొంతు, నాకే కొత్తగా ఉంది.

కాంచన్‌జంగ జలపాతం దగ్గరికి రోడ్డు నుంచి మెట్లెక్కి పోవాలి. మెట్లు మొదలవకముందే మాట వినపడటం ఆగిపోయింది. నీళ్లు అంత ఎత్తునుంచి బండల మీద విరుచుకుపడుతుంటే ఆ హోరులో కర్మ నా చెవిలో అరిచినా అర్థం కాలేదు. నేను కింది మెట్టు మీద కాలు చాపుకుని కూర్చున్నాను. చుట్టూ జనం, అందరూ నోళ్లు తెరుస్తున్నారు, చేతులు ఊపుతున్నారు, ఒక్క మాట వినపడదు. లోకమంతా మోహన్‌లా అయిపోయింది.

నీళ్ల దగ్గర బండల మీద ఒక పెద్దావిడ ఇరుక్కుపోయి ఉంది. పొద్దున రింబి దగ్గర చూసిన బెంగాలీ కుటుంబం. ఫోటోకని ఎక్కి ఉంటుంది, దిగడం చేతకావడం లేదు. రాళ్లన్నీ నాచు. ఇద్దరు కొడుకులు ఒకరు కుడివైపు నుంచి, ఒకరు ఎడమవైపు నుంచి అరుస్తున్నారు, చేతులు ఊపుతున్నారు. ఆవిడకి ఏమీ వినపడటం లేదు. ఇటు చూసి ఒక కాలు ఎత్తుతుంది, అటు చూసి దించుతుంది.

మోహన్ నా పక్కన లేడు. చూసేసరికి ప్యాంటు మడిచి నీళ్లలో ఉన్నాడు. కొడుకులిద్దరికీ అరచెయ్యి చూపించాడు, ఆగమని. వాళ్లు ఆగారు. ఆవిడకి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. రెండు వేళ్లతో తన కళ్లు చూపించాడు. నన్నే చూడు.

ఆవిడ చూసింది.

ఒక రాయి మీద తన పాదం పెట్టి, అదిమి, తలూపాడు. ఇది గట్టిది. వెనక్కి తప్పుకుని, ఆవిడ పాదం చూపించి, ఆ రాయి చూపించాడు. ఆవిడ పెట్టింది. అరచెయ్యి, ఆగు. ఊపిరి పీల్చుకో అన్నట్టు ఛాతీ మీద చెయ్యి. ఆవిడ పీల్చుకుంది. తర్వాత రాయి. ఒకచోట ఆవిడకి అర్థం కాలేదు, తల అడ్డంగా ఊపింది. మోహన్ విసుక్కోలేదు. మళ్లీ మొదటినుంచి, ఇంకా మెల్లగా చూపించాడు. ఆవిడ మొహం చూస్తూ, బుర్రకెక్కింది అని నమ్మకం కలిగాకే తర్వాతి రాయికి పోయాడు.

పెళ్లికి ముందు ఒకసారి ఆయన క్లాసుకి వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. నాకు జావా ముక్క అర్థం కాలేదు. కానీ ఆయన మొహం మాత్రం ఇలాగే ఉంది.

ఆవిడ చివరి రాయి మీదనుంచి మెట్టు మీదికి రాగానే చుట్టూ ఉన్నవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. అవీ వినపడలేదు, చేతులు మాత్రం కనపడ్డాయి. ఆవిడ మోహన్ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ఏదో చాలాసేపు చెప్పింది. ఆయన తలూపుతూ విన్నాడు. ఒంటి మీద నుంచి నీళ్లు కారుతున్నాయి, పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు.

రోడ్డు మీదికి వచ్చాక, హోరు తగ్గాక, పెద్ద కొడుకు నన్ను అడిగాడు, ఆయన ఎందుకు మాట్లాడటం లేదని. నా హిందీలో చెప్పాను. గొంతు బాగాలేదు, డాక్టరు వద్దన్నారు.

"ఏం చేస్తారు ఆయన?"

"సార్. పాఠాలు చెప్తారు."

"అది మేం చూశాం కదా" అన్నాడతను.

ఆ మాట నేను మోహన్‌కి తెలుగులో చెప్పాల్సిన పని లేదు, ఆయనకి హిందీ నాకంటే బాగా వచ్చు. అయినా చెప్పాను. రెండుసార్లు.

తిరిగి వచ్చాక

హైదరాబాద్‌లో దిగేసరికి నా కాలి వాపు తగ్గింది. దసరా అయిపోయింది. డాక్టరు గారి గదిలో మోహన్ కుర్చీలో కూర్చున్నాడు, నేను పక్కన నిలబడ్డాను. కొండ మీద జరిగింది నేనే చెప్పాను, అరవబోతే ఏమీ రాలేదని. డాక్టరు గారు తలూపి, భయంతో గొంతు బిగుసుకుపోతే అలా అవుతుందమ్మా, దాన్నిబట్టి ఏమీ అనుకోకూడదు, చూద్దాం అన్నారు. ట్యూబు లోపలికి పెట్టారు. తెర మీద మోహన్ గొంతు లోపలిది కనపడుతోంది, ఎర్రగా.

"ఇప్పుడు ఈ... అనండి."

మోహన్ నా వైపు చూశాడు. నేను అనండి అన్నాను.

"ఈ..."

సన్నగా, గరగరగా, మధ్యలో తెగుతూ వచ్చింది. కానీ వచ్చింది. నేను టేబుల్ అంచు పట్టుకున్నాను.

"మళ్లీ. ఇంకొంచెం."

"ఈ..."

కాయలు బాగా చిన్నవయ్యాయి, ఆపరేషన్ అవసరం ఉండదనిపిస్తోందన్నారు డాక్టరు గారు. రోజుకి కొన్ని మాటలతో మొదలుపెట్టాలి. అరవకూడదు. క్లాసులకి ఇంకా టైముంది, పోయినప్పుడు మైకు లేకుండా పోకూడదు. మోహన్ మైకు అన్న మాటకి బుద్ధిగా తలూపాడు. ఆయన మైకుకి తలూపడం చూస్తే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నమ్మరు.

పంజాగుట్ట చౌరస్తాలో బయటికి వచ్చాం. బస్సులు, హారన్లు, ఎండ. మోహన్ ఆగి, నన్ను చెయ్యి పట్టి పక్కకి లాగాడు. మాట్లాడబోతున్నాడని తెలిసింది. ఇన్ని వారాల తర్వాత మొదటి మాట. నేను చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను. కొండ గురించా, సరస్సు గురించా, నా గురించా అని ఎదురుచూశాను.

"ఆకలైతుంది లల్తా" అన్నాడు. "ఏమన్న తిందాం పా."

గొంతు మునుపటిలా లేదు. కొంచెం లోతుగా, కొంచెం మెత్తగా ఉంది. నాకు నచ్చింది.

సందులో టిఫిన్ సెంటర్ కిటకిటలాడుతోంది. జనంలోంచి దూరి, కౌంటర్ మీద చేతులు పెట్టి, లోపల దోసెలు పోసే ఆయనకి వినపడేలా నేనే అరిచాను. రెండు ఇడ్లీ, ఒక పెసరట్టు, జల్దీ!